ఎన్ని బస్సులు మారాలె: హైదరాబాద్ నుంచి డాలస్‌కు నా ట్రిప్పు షీటు

మా అమ్మ బతికున్నన్నాళ్లూ అమెరికా గురించి ఒకటే ప్రశ్న అడిగేది. "ఈడికెల్లి ఎన్ని బస్సులు మారాలె రా?" సూర్యాపేట నుంచి హైదరాబాదుకు 135 కిలోమీటర్లు, ఒకటే బస్సు, మూడు గంటలు. ఆమె జీవితంలో అతి పెద్ద ప్రయాణం అదే. మనవడేమో డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "విమానంలో ఒక రోజు పడతదమ్మా" అని చెప్పి ఊరుకునేవాణ్ని. అప్పటికి నాకు తెలిసిందీ అంతే.

నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు చేశాను. కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యాను. మొదట గౌలిగూడ షెడ్డు, 1994లో ఇమ్లిబన్ బస్‌స్టేషన్ వచ్చాక అక్కడ. గౌలిగూడ షెడ్డు ఒకప్పుడు విమానాలు పెట్టే చోటని మా సీనియర్లు చెప్పేవారు. 2018 జూలైలో అది కూలిపోయిన రోజు నేను పోయి చూసి వచ్చాను. ఏ ఊరి పేరు విన్నా నాకు ముందు కిలోమీటర్లు, ఆ వెంటనే రన్నింగ్ టైం గుర్తొస్తాయి. వరంగల్ 145, విజయవాడ 275. ఏ బస్సు ఎప్పుడు కదలాలి, ఎప్పుడు కదిలింది, ఎక్కడ ఆలస్యమైంది, ఎందుకైంది, ఇవి రాసుకుంటూనే నా సర్వీసంతా గడిచింది. అందుకే డాలస్ ప్రయాణాన్నీ అట్లాగే రాసుకున్నాను. ఒక పాత నోటు పుస్తకంలో గీతలు కొట్టి, రావలసిన టైం ఒక వరుసలో, వచ్చిన టైం ఒక వరుసలో. ఆ షీటు ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

రెండేళ్ల కిందట జనవరిలో, ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ పోయింది. అప్పుడు డాలస్‌లో శనివారం సాయంత్రం నాలుగున్నర. మావాడికి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అన్నాడు, "నేను వచ్చేదాకా ఉంచండి నాన్నా." ఫ్రీజర్ పెట్టె తెప్పించాం. ఇరవై ఒక్క గంటల ప్రయాణమని నాకు తెలుసు. ఆదివారం రాత్రికో, సోమవారం తెల్లారేసరికో వస్తాడనుకున్నాను. మా అన్న కూడా అదే లెక్క వేశాడు, ఊళ్లో అందరికీ అదే చెప్పాం. తీరా మావాడు మళ్లీ ఫోన్ చేసి, మంగళవారం పొద్దునకు గానీ సూర్యాపేట చేరలేనన్నాడు. యాభై గంటలు! పెద్దమనుషులు అన్ని రోజులు ఉంచొద్దన్నారు. సోమవారం పదకొండింటికి దహనం చేసేశాం.

మంగళవారం ఆరింటికి వాడు గడపలో చెప్పులు విప్పేసరికి ఇంట్లో ఎవరికీ మాట రాలేదు. నేను మాత్రం లోపల ఒక మాట పెట్టుకున్నాను. ఇరవై ఒక్క గంటల దూరానికి యాభై గంటలు ఎట్లా అవుతాయి? శనివారమే బయల్దేరి ఉంటే అందేవాడు కదా, ఏదో పని చూసుకొని ఒక రోజు ఆగి ఉంటాడు. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా ఉంది. ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ ఉంది.

తరువాత మాకు రెండో మనవరాలు పుట్టబోతోందని కబురొచ్చింది, మమ్మల్ని ఆరునెలలు రమ్మన్నారు. వీసా సంగతి పెద్దగా చెప్పేది లేదు. నానక్‌రామ్‌గూడలో 2023లో తెరిచిన కొత్త కాన్సులేటుకు ఒక పొద్దున పోయాం. మూడు ప్రశ్నలడిగారు, ఇచ్చేశారు. టికెట్టు దగ్గరే అసలు కథ.

మావాడు పంపిన టికెట్టులో ఇట్లా ఉంది, మధ్యలో గల్ఫ్‌లోని దోహాలో విమానం మారాలి. జూన్ 12, హైదరాబాద్ 03.50. దోహా 05.45. దోహా నుంచి 08.05. డాలస్ 16.05, జూన్ 12. దాన్ని చూసి మా బామ్మర్ది, "పన్నెండు గంటల్లో పోతున్నరు బావా, ఢిల్లీకి రైలెక్కినా ఇంతకంటే ఎక్కువే పడతది" అన్నాడు. వాడు చెప్పింది కాగితం మీద తప్పు కాదు. పొద్దున 3.50కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4.05కి దిగడమంటే పన్నెండుంబావు గంటలే. కానీ ఆ రెండు టైములూ రెండు గడియారాలవి. టికెట్టు మీద ఏ ఊరి పక్కన ఆ ఊరి టైమే వేస్తారు. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఆ పదిన్నర కలిపితే 22 గంటల 45 నిమిషాలు. అదీ రన్నింగ్ టైం.

ఇంకో సంగతి అంతకంటే ముఖ్యం. మా బామ్మర్ది, "12 రాత్రి పదింటికి కారు తెస్తా, తయారుగుండుర్రి" అన్నాడు. నేను వెంటనే ఆపాను. 12వ తేదీ 03.50 అంటే 11 రాత్రి ఇల్లు కదలాలి. దీన్ని నేను ఇమ్లిబన్‌లో కళ్లారా చూశాను కాబట్టే అంత గట్టిగా చెప్పగలిగాను. ఒకసారి ఒక కుటుంబం తిరుపతికి రిజర్వేషన్ చేయించుకుంది. 5వ తేదీ, రాత్రి 12.15 బస్సు. పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. తాత, నాయనమ్మ, మేనమామ, మొత్తం తొమ్మిది మంది. 5 రాత్రి పదకొండున్నరకు ప్లాట్‌ఫారం మీద చాపలు పరుచుకొని కూర్చున్నారు. వాళ్ల బస్సు అంతకు ముందు రాత్రే పోయింది. తొమ్మిది సీట్లూ ఖాళీగా పోయాయి. నా బల్ల ముందు టికెట్టు పట్టుకొని నిలబడ్డ ఆ ముసలాయన వేలు 5 అనే అంకె మీదే ఉంది. "ఇయ్యాల అయిదే కద సార్" అని మళ్లీ మళ్లీ అన్నాడు. ఆ వేలు నాకింకా కళ్లముందు ఉంది. ఆయన్ను రెండు సీట్లున్న బస్సులో, మిగతా వాళ్లను ఇంకో బస్సులో సర్ది పంపించాను. బస్సు కాబట్టి సర్దగలిగాను. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకనో తెల్లవారుజామునో ఎగురుతాయి. మీ టికెట్టులో టైం 00, 01, 02, 03 లాంటి అంకెతో మొదలైతే ముందు రోజు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. కాలెండరులో నేనదే చేశాను.

బయల్దేరే ముందు మా ఆవిడ మాత్రల గురించి డాక్టరును అడిగాం. ఆమెకు బీపీ, థైరాయిడ్ రెండూ ఉన్నాయి. ఇల్లు చేరేదాకా హైదరాబాద్ టైం ప్రకారమే వేసుకొమ్మని, అక్కడికి పోయాక మెల్లగా ఆ టైముకు మారమని మా డాక్టరు చెప్పారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు లెక్క వేరే ఉంటుందట, ఎవరి డాక్టరును వాళ్లు అడిగి తెలుసుకోవాల్సిందే. అప్పుడు నాకు తోచింది, నా చేతికున్న పాత హెచ్‌ఎంటీ గడియారాన్ని ముట్టుకోవద్దని. ఫోన్ ఎక్కడి టైం అక్కడ చూపిస్తుంది. హెచ్‌ఎంటీ మాత్రం హైదరాబాద్ టైమే చూపాలి. షీటు మొత్తం ఆ గడియారంతోనే రాశాను. ఇక్కడి నుంచి నేను చెప్పే టైములు, వేరే చెబితే తప్ప, అవే.

11 రాత్రి 10.30. వనస్థలిపురంలో ఇల్లు కదిలాం. ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సులో పోవాలని నాకు ఉండె, నా సంస్థ బస్సు కదా. కానీ ఇరవై మూడేసి కిలోల సూట్‌కేసులు నాలుగు. ఆవకాయ, గోంగూర పచ్చడి, సకినాలు, పసిపిల్లకు మా ఆవిడ కుట్టిన పాత నూలు చీరల బొంతలు. బామ్మర్ది కారే దిక్కయింది. 11.35కి శంషాబాద్. 2008కి ముందు అందరూ బేగంపేట నుంచే ఎక్కేవారు. ఊరి నడుమ ఉండేది కాబట్టి ఇల్లు దాటే టైం లెక్కలోకి వచ్చేదే కాదు. ఇప్పుడు దాన్నీ కలుపుకోవాలి.

సామాను తూకం, పాస్‌పోర్టు ముద్ర, సెక్యూరిటీ, అన్నీ అయ్యేసరికి 1.40. ఇక విమానం ఎక్కి కూర్చున్నాక ఈదురుగాలి, వాన. జూన్ రెండో వారం, తొలకరి రోజులు. రన్‌వే మీద నీళ్లు లైట్ల వెలుగులో పరుగెత్తుతున్నాయి. 3.50కి పోవలసింది 4.30కి లేచింది. నలభై నిమిషాలు. షీటులో "వాన" అని రాసుకున్నాను. అప్పుడే నా గుండె దడదడ మొదలైంది. దోహాలో మాకున్నది రెండు గంటల ఇరవై నిమిషాలే.

హైదరాబాద్ నుంచి దోహాకు 2,900 కిలోమీటర్ల పైచిలుకు. 8.40కి దిగాం, అంటే అక్కడ పొద్దున 6.10. గాలిలో కొంత టైం పూడ్చుకున్నారు. దోహా మనకు రెండున్నర గంటలు వెనక. హమద్ ఎయిర్‌పోర్టు నడిమధ్యలో నెత్తి మీద పెద్ద దీపమున్న పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, రెండంతస్తుల ఎత్తు. అక్కడే మళ్లీ కలుసుకుందామని చెప్పి మా ఆవిడ బాత్రూముకు పోయింది. నేను గేటు నంబరు చూసుకున్నాను. అమెరికా పోయే విమానాలకు గేటు దగ్గర ఇంకోసారి తనిఖీ ఉంటుంది, అందుకే గంట ముందే లోపలికి పిలుస్తారు. అక్కడి టైంలో 8.05 విమానమంటే ఎక్కేవాళ్లకు నిజానికి ఏడింటిదే. మాకు మిగిలింది యాభై నిమిషాలు. చేరాం, కానీ మా ఆవిడ చెయ్యి పట్టుకొని లాక్కుపోతున్నట్టుగా నడిచాను. డెబ్బై దగ్గర పడుతున్న అమ్మానాన్నలకు టికెట్టు కొనే పిల్లలకు నా మనవి. మధ్య ఊళ్లో కనీసం మూడు గంటలు పెట్టండి. ధర ఇంకో వెయ్యి రెండు వేలు ఎక్కువైనా సరే. మొదటి విమానం ఆలస్యమైతే ఆ దెబ్బ మధ్య ఊళ్లోనే తగులుతుంది.

10.35కి అసలు పెద్ద ప్రయాణం మొదలైంది. దోహా నుంచి డాలస్‌కు 12,740 కిలోమీటర్లు, పదహారు గంటలు. ముందు సీటు వెనకున్న తెర మీద మ్యాపు పెట్టుకొని నేను కదల్లేదు. అమెరికా పడమర కాబట్టి ఎడారి దాటి, ఆఫ్రికా మీదుగా అట్లాంటిక్ దాటుతుందని అనుకున్నాను. గోడ పటంలో అట్లాగే కనిపిస్తుంది. కానీ విమానం ఇరాక్, టర్కీల మీదుగా వాయవ్యానికి, ఇంకా పైకి, పైకే పోతోంది. ఐరోపా దాటాక మంచు దేశాల వైపు తిరిగింది. ఎందుకట్లా పోతోందో డాలస్ చేరాకే అర్థమైంది, ఆ సంగతి తరువాత.

నేను బాగా గమనించింది వేగం. ఎత్తు 36 వేల అడుగులు, బయట చలి మైనస్ 54 డిగ్రీలు. వేగం ఒకోసారి గంటకు 830, ఒకోసారి 770. ఎందుకు తగ్గుతోందని విమాన సిబ్బందిలో ఒక అమ్మాయిని అడిగితే, "ఎదురుగాలి అంకుల్" అంది. మన కేరళ అమ్మాయే, కొంచెం తెలుగు వచ్చు. ఆ ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు ఏడాది పొడవునా వీస్తాయి. వాటికి జెట్ స్ట్రీమ్ అని పేరు. పడమరకు పోయే విమానం వాటికి ఎదురెక్కాలి. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే కిలోమీటర్లకు రెండు రన్నింగ్ టైములు రాసేవాళ్లం. ఇదీ అంతే.

రాత్రి ఏడయింది నా చేతి గడియారంలో. మా ఆవిడ నిద్ర లేచి, "ఏమయ్యా, దీపాల వేళ అయిందా?" అంది. కిటికీ మూత వేలెడంత పైకి లేపాను. కింద గ్రీన్‌లాండ్. కనుచూపు మేర తెల్లటి మంచు, మధ్యలో నల్లటి రాళ్ల వరసలు, వాటి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆ వెలుతురుకు చుట్టుపక్కల నిద్రపోతున్న వాళ్ల ముఖాలు తెల్లబడ్డాయి. ఆమె ఒక నిమిషం చూసి, రెండు చేతులూ జోడించి, మూత దించేసింది. దోహాలో పొద్దున ఎండలో ఎక్కాం, డాలస్‌లో సాయంత్రం ఎండలో దిగాం. మధ్యలో పదహారు గంటలు సూర్యుడు అస్తమించలేదు. మేం పడమరకు పోతున్నాం, పొద్దూ పడమరకే పోతోంది. అందులోనూ జూన్, ఉత్తరాన చీకటి పడని నెల. శరీరం మాత్రం రాత్రయిందనే అంటుంది. గంటన్నరకు ఒకసారి లేచి నడిచినా, నీళ్లు తాగినా ఆమె పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. హెచ్‌ఎంటీ చూసి ఇచ్చేశాను.

అర్ధరాత్రి దాటి 2.35కి డాలస్‌లో దిగాం. అక్కడ సాయంత్రం 4.05. ఇమిగ్రేషన్ లైను, వేలిముద్రలు, ఎన్నాళ్లుంటారన్న ప్రశ్న, సామాను. మావాడు బయట నిలబడి ఉన్నాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రిస్కోలో వాళ్లింటికి నలభై కిలోమీటర్ల పైనే. గడప తొక్కేసరికి నా గడియారంలో 13వ తేదీ తెల్లవారి 4.45.

ముప్పై గంటల పదిహేను నిమిషాలు. టికెట్టు పన్నెండు గంటలని చూపిన ప్రయాణం ఇది. ఇందులో గాలిలో ఉన్నది ఇరవై గంటల పది నిమిషాలు. మిగతా పది గంటలూ నేల మీదే, కార్లలో, లైన్లలో, కుర్చీల్లో గడిచాయి. మొత్తం దూరాన్ని మొత్తం గంటలతో భాగిస్తే గంటకు 520 కిలోమీటర్లు. 800 వేగంతో పోయే విమానాన్ని ఎక్కి మేం పోయిన వేగం అది. అంత అలసటలోనూ ఆ లెక్క వేసుకున్నాకే నిద్రపోయాను. ఆ తరువాత పది రోజులు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, మధ్యాహ్నం కూర్చున్న చోటే కళ్లు మూతలు పడేవి.

మా పెద్ద మనవరాలి గదిలో ఒక గ్లోబు ఉంది. ఒక రోజు దాన్ని ముందు పెట్టుకొని, మా ఆవిడ దగ్గర కుట్టు దారం తీసుకొని, ఒక కొస హైదరాబాద్ మీద నా బొటనవేలితో నొక్కి, ఇంకో కొస డాలస్ మీద ఆ పిల్లను నొక్కమన్నాను. దారం బిగించి లాగాం. అది పడమరకు పోలేదు, తూర్పుకూ పోలేదు. నేరుగా పైకి పోయింది. కాశ్మీరు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి, అవతలి పక్కన కెనడా మీదుగా కిందికి దిగింది. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అట్లా పై నుంచే పోతుంది, దోహా నుంచి మా విమానం పైకి పైకి పోయిందీ ఇందుకే. "తాతా, మనిద్దరం భూమికి చెరో పక్కన ఉన్నామా?" అందా పిల్ల. దాదాపుగా అంతే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 175. ఇంకో అయిదు డిగ్రీలుంటే సరిగ్గా ఎదురెదురు రేఖలు. భూమి పదిహేను డిగ్రీలు తిరగడానికి గంట పడుతుంది, 175కి పదకొండున్నర దాటుతుంది. మనకు పగలయితే వాళ్లకు రాత్రి కావడానికి కారణం ఇదే. మన దేశం టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగా పోతుందని కూడా చూపించాను. కాకినాడ కాజా ఆ పిల్లకు తెలుసు, ఊరు ఎక్కడుందో అప్పుడే చూసింది.

ఆ దారం పొడవు 14,400 కిలోమీటర్లు. మేం దోహా మీదుగా పోయింది 15,650. అంటే మధ్య ఊరు దిగినందుకు పన్నెండు వందల కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాద్ నుంచి విజయవాడకు రెండుసార్లు పోయి వచ్చినంత. మేం పోయినప్పుడు నేరుగా విమానం లేదు. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిరిండియా నేరుగా నడిపింది, తరువాత అది ఆగిపోయింది. సింగపూర్ నుంచి న్యూయార్కుకు 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా నడుపుతున్నారు కాబట్టి, హైదరాబాద్ నుంచి డాలస్ విమానానికి అందని దూరమేమీ కాదు. ఆ దూరంలో ఇంతమంది మనవాళ్లున్నారు. ఎప్పటికైనా నేరుగా ఒక సర్వీసు పడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ రాత్రి మావాడు పని ముగించుకొని వచ్చి, బల్ల మీదున్న నా షీటు చూశాడు. వరుసల మీద వేలు పెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు. తరువాత కుర్చీ లాక్కొని పెన్ను అడిగాడు. "నాది కూడా రాయనా నాన్నా" అన్నాడు. ఏది అని నేను అడగలేదు.

శనివారం సాయంత్రం 4.30, ఫోన్ వచ్చింది, అని రాశాడు. 6.00, దోహా విమానం పోయింది. నేను ఆ రెండు టైముల మధ్య చూస్తూ ఉండిపోయాను. గంటన్నర. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకే ముప్పావు గంట, కౌంటరు గంట ముందే మూసేస్తారు. అది రోజుకు ఒక్కటే సర్వీసు. వేరే దారుల్లో వెతికితే ఆ రాత్రికి ఎందులోనూ సీటు దొరకలేదట. దొరికిన మొదటి టికెట్టు ఆదివారం సాయంత్రం ఆరింటిది. అంటే మనకు సోమవారం తెల్లవారి 5.30. అక్కడి నుంచి ఇరవై ఒక్క గంటలు, మంగళవారం తెల్లవారి 2.30కి శంషాబాద్, ఆరింటికి సూర్యాపేట. యాభై గంటలు సరిగ్గా సరిపోయాయి.

బస్సు పోయిన తరువాత ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద ఎంతసేపు కూర్చుంటాడో నాకు తెలియని సంగతి కాదు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి సర్వీసులున్న మారుమూల ఊళ్ల జనాన్ని ముప్పై రెండేళ్లు చూశాను. వాళ్లకు దూరం కిలోమీటర్లతో కాదు, తరువాతి బస్సుతో లెక్క. నా కొడుకు విషయంలో మాత్రం రన్నింగ్ టైం ఒక్కటే చూసి, సర్వీసు మాట మరిచాను.

వాడింకా రాస్తున్నాడు. సోమవారం పొద్దున 11.00, మన టైం, అట్లాంటిక్ మీద. "ఆ టైముకు పెదనాన్న నిప్పు పెడుతున్నారని తెలుసు నాన్నా. చుట్టూ అందరూ నిద్రపోతున్నారు. నేను మ్యాపు చూస్తూ కూర్చున్న. విమానం బొమ్మ నీళ్ల మీద ఉంది, కదిలినట్టే అనిపించలేదు." నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. రెండేళ్లుగా లోపల పెట్టుకున్న మాట ఇదీ అని వాడికి చెప్పి, తప్పుగా అనుకున్నాను రా అన్నాను. "మీరు అట్లా అనుకుంటున్నరని నాకు తెలుసు నాన్నా" అన్నాడు. లోపల పసిపిల్ల ఏడ్చింది, లేచి పోయాడు.

తిరుగు ప్రయాణం నవంబరు మధ్యలో, ఒక బుధవారం. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, కాబట్టి తేడా పదకొండున్నర అయింది. పాత లెక్కతో ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఆ వారం తికమకపడతారు. బుధవారం సాయంత్రం ఆరింటికి డాలస్‌లో ఎక్కి, శుక్రవారం తెల్లవారి 2.30కి హైదరాబాద్‌లో దిగుతామని టికెట్టులో ఉంది. చూడ్డానికి ముప్పై రెండున్నర గంటలు. పదకొండున్నర తీసేస్తే ఇరవై ఒక్క గంటలే. పోయేటప్పుడు టికెట్టు పదిన్నర గంటలు తక్కువ చూపింది, వచ్చేటప్పుడు పదకొండున్నర ఎక్కువ చూపింది. టికెట్టు చేతికి రాగానే ముందు ఈ లెక్క వేసుకుంటే దారిలో ఒంటికి ఏమవుతుందో అర్థమవుతుంది.

ఈసారి గాలి వెనక నుంచి తోసింది. అట్లాంటిక్ మీద తెరలో వేగం వెయ్యి దాటి 1,050 చూపింది. అవే 12,740 కిలోమీటర్లు, పద్నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో దోహా. పోయినప్పటి కంటే గంట నలభై నిమిషాలు తక్కువ. సోమవారం పదకొండింటికి మావాడు ఎక్కడున్నాడని రాశాడో, బయల్దేరిన అయిదున్నర గంటలకు మేమూ దాదాపు అక్కడికే వచ్చాం. మా ఆవిడను లేపాను. కిటికీలో ఏమీ లేదు, చీకటి. తెర మీద విమానం బొమ్మ నీళ్ల మీద ఉంది. ఇద్దరం దాన్ని కాసేపు చూశాం.

దోహాలో ఈసారి రెండు గంటల నలభై నిమిషాలు, తొందర లేకుండా గడిచాయి. నాలుగు గంటల్లో శంషాబాద్. చక్రాలు నేలను తాకగానే చుట్టూ ఫోన్లు వెలిగాయి, అందరూ టైం సరిచూసుకుంటున్నారు. వెనక సీటాయన చేతి గడియారం ముల్లు తిప్పుకుంటూ, ఇప్పుడెంతయిందండీ అని అడిగాడు. నా హెచ్‌ఎంటీ చూసి చెప్పాను. రెండున్నర.